అటకెక్కిన ఉప్పు

“ఉప్పు తగ్గించమన్నాను కదమ్మా?” అన్నారు గుడివాడ డాక్టరు గారు, నా చేతికి చుట్టిన పట్టీ విప్పుతూ. పోయిన నెల కాస్త ఎక్కువగా ఉన్న బీపీ ఇప్పుడూ అక్కడే ఉంది. ఈసారి కూడా దిగకపోతే రోజూ బిళ్ళ వేసుకోవాలని ముందే చెప్పారు.

నాకు రోషం వచ్చింది. ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషిని నేను.

“తగ్గించడం కాదండీ, మానేశాను. ఉప్పు డబ్బా అటకెక్కించాను. పప్పు, కూర, చారు అన్నీ చప్పిడే. మావారిని అడగండి.”

మావారు నీరసంగా తలూపారు.

“మరి మీకు ముద్ద ఎలా దిగుతోందమ్మా?”

“బందరు నుంచి చేపలమ్మే నాగమల్లేశ్వరి ఉప్పుచేప తెస్తుందండీ. పూటకో ముక్క వేయించుకుంటాను. అందులో నేను చిటికెడు ఉప్పు కూడా వెయ్యను.”

డాక్టరు గారు కళ్ళజోడు తీసి మావారి వైపు చూశారు. “మీరూ తింటున్నారా?”

“నాకా వాసన పడదండీ.”

ఆయన చేతికీ పట్టీ చుట్టారు. పోయిన నెల నాతో సమానంగా ఉన్న ఆయన బీపీ శుభ్రంగా దిగింది.

“బిళ్ళ సంగతి ఇంకో నెల ఆగి చూద్దాం. ఈయన తిన్నదే మీరూ తినండి, చాలు.”

బిళ్ళ తప్పిన సంతోషంలో నోరు జారాను.

“అమ్మో, ఆ వంట నోట్లో పెట్టుకోలేమండీ!”

మావారు మెల్లగా నా వైపు తిరిగారు. ఆ క్షణాన మళ్ళీ పట్టీ చుట్టి ఉంటే, ఆయన బీపీ నాదాన్ని దాటిపోయి ఉండేది.