బంధాలు తెగిన మర్నాడు

ఆషాఢ శుద్ధ పంచమి, బుధవారం. పొద్దుట్నుంచీ సన్నటి తుంపర. ఆ రోజే గాడిదలు తోడేలు దొరను కొండ అవతలికి తరిమేసి, తమ ముందుకాళ్లకు ఆయన వేయించిన బంధాలు కొరికి పారేశాయి. మా కాలేజీలో చరిత్ర మాస్టారు తిరుగుబాట్ల తేదీలన్నీ చెప్పేవారు గానీ, మర్నాటి నడక సంగతి చెప్పలేదు. మర్నాడు కూడా గాడిదలు బంధాలున్నట్టే గెంతుతూ మేశాయి.

"నా బిడ్డ కూడా ఇలాగే గెంతుతుందా, తాతా?" అంది చూడి గాడిద.

"తల్లి నడకే పిల్లకూ వస్తుందే, పిచ్చిదానా!" అన్నాడు ముసలి గాడిద.

నెల తిరక్కుండా ఈనింది. పిల్ల లేచి, తూలి, అడుగులో అడుగేసి, పరుగెత్తింది.

"అమ్మయ్య! నీ మాట అబద్ధమైంది తాతా!"

"కానీయవే, ఓడిపోయినా హాయిగా ఉంది."

దొర కూర్చునే బండ తిరుగుబాటు నాయకుడికి దక్కింది. కొండదాకా పచ్చిక పిల్లకు దక్కింది. తాతకు ఏమీ దక్కలేదు. అయినా పిల్ల వెనకాలే గెంతుకుంటూ, నవ్వుకుంటూ పోయాడు.