కొసరు ఆటగాడు

ఆట రెండు పాయింట్ల తేడాతో పోయింది.

మైకులు ముందుకు రాగానే కెప్టెన్ మనసులో ఉన్నదంతా కక్కేశాడు.

"బాస్కెట్‌బాల్ జట్టంటే పన్నెండుమంది. మాకున్నది ఏడుగురు. మిగతావాళ్ళు కుర్చీలు వెచ్చబెట్టడానికి వస్తున్నారు. నేనొక్కణ్ణే ఎంతని లాగను?"

పక్కనున్న కోచ్ సర్దిచెబుతాడని అందరూ అనుకున్నారు. ఆయన సర్దిచెప్పకపోగా అగ్నికి ఆజ్యం పోశాడు.

"జట్టుని ఎంచింది నేను కాదు. యాజమాన్యం ఎవరిని ఇస్తే వాళ్ళతో నెట్టుకొస్తున్నాను."

"ఎవరి గురించి అంటున్నారు?" అడిగాడో విలేకరి.

"ఆ పన్నెండోవాడు లేడూ?" అన్నాడు కెప్టెన్. "ముప్పయ్యారేళ్ళు. ప్రాక్టీసులో వారానికో రకంగా ఆడతాడు. ఓ వారం అన్నీ ఎడమచేత్తో వేస్తాడు. ఇంకో వారం భుజంతో తోసుకుంటూ వస్తాడు. తనకంటూ ఓ ఆటే లేదు."

గదంతా నవ్వింది.

పన్నెండోవాడు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. అతను కూడా మర్యాదకి కాస్త నవ్వాడు.

జట్టులో అతన్ని కొసరు అనేవాళ్ళు. వేరే జట్టు నుంచి మంచి ఆటగాణ్ణి తెచ్చుకున్నప్పుడు, బేరం కుదిరాక దుకాణదారు పైన వేసే గుప్పెడులా ఇతన్నీ అంటగట్టారు. ఎక్కడివాడో, ఏం చేసేవాడో ఎవరూ అడగలేదు.

ఇంటికెళ్ళేలోపే కెప్టెన్‌కి అక్క ఫోన్ చేసింది.

"అంత మాటనేశావేంట్రా?"

"ఉన్నమాటే కదక్కా."

"ఉన్నమాటైతే నలుగురిలో అనాలా? ఆయన పెళ్ళాం పిల్లలు టీవీ చూడరా?"

సిగ్నల్ సరిగ్గా లేదన్నాడు.

యాజమాన్యానికి పౌరుషం వచ్చింది. మర్నాడే కొసరు చేతిలో కాగితం పెట్టి పంపేశారు. ఆ చోట్లోకి తాటిచెట్టంత మనిషిని తెచ్చారు.

బట్టల గదిలో కొసరు బూట్లు సర్దుకుంటుంటే కెప్టెన్ వచ్చాడు.

"మనసులో పెట్టుకోకన్నా. జట్టు బాగు కోసం అన్నాను."

"తెలుసు. శనివారం ఆటలో అవతలి జట్టు బట్టతలాయన ఉన్నాడే..."

"నేను చూసుకుంటాలే అన్నా."

కొసరు ఇంకేదో చెప్పబోయి మానేశాడు. సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది మూడు ఆటలు. అందులో రెండు గెలిస్తే ఫైనల్. పదకొండేళ్ళలో కెప్టెన్ ఒక్క ఫైనల్ కూడా ఆడలేదు. ఈ మోకాలితో ఇదే ఆఖరి ఏడాదని డాక్టర్ ఎప్పుడో తేల్చేశాడు.

శనివారం బట్టతలాయన కెప్టెన్‌కి చుక్కలు చూపించాడు. ఎటు తిరుగుతాడో అంతుపట్టలేదు. ఆట పోయింది.

"వాడు కొత్తగా ఏదో నేర్చుకున్నాడు కోచ్."

కోచ్ వీడియో మూడుసార్లు తిప్పి చూశాడు.

"ఏమీ నేర్చుకోలేదు. నాలుగేళ్ళుగా ఇదే ఆట. రెండు నెలల కింద ఇదే ఆటని నువ్వు కట్టిపడేశావు."

"అప్పుడు వాడెటు కదులుతాడో నాకు ముందే తెలిసిపోయేది."

"మరిప్పుడు?"

"తెలియట్లేదు."

"ఎందుకని?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

ఇద్దరూ తెర వంక వెర్రిచూపులు చూస్తూ కూర్చున్నారు.

కోచ్ తిండి మార్చమన్నాడు. నిద్ర పెంచమన్నాడు. బూట్లు మార్చమన్నాడు. కెప్టెన్ అన్నీ చేశాడు. కళ్ళ డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళొచ్చాడు. కళ్ళు నిక్షేపంలా ఉన్నాయన్నారు.

చిత్రమేమిటంటే, ప్రాక్టీసులో ఏ లోటూ లేదు. తాటిచెట్టు రోజూ ఒకే ఆట ఆడేవాడు, చక్కగా ఆడేవాడు. నిలకడంటే ఇదీ అని కోచ్ మురిసిపోయాడు.

రెండో ఆట ఎలాగో గట్టెక్కింది. తాటిచెట్టు చివర్లో వేసిన బంతి పుణ్యం.

మూడోదాని మీద అంతా ఆధారపడింది.

ఆ రోజు కెప్టెన్‌కి అడ్డుగా నిలబడినవాడు ఓ సన్నటి మనిషి. పేపర్లో ఎప్పుడూ రానివాడు. కెప్టెన్ కుడికి కదిలితే అక్కడ ఉన్నాడు. ఎడమకి తిరిగితే అక్కడా ఉన్నాడు. ఆగి వేద్దామని చెయ్యెత్తితే, ఆ చెయ్యి లేవకముందే సన్నటివాడి చెయ్యి పైనుంది.

పదకొండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

కెప్టెన్ చాలాసేపు తువ్వాలులో మొహం దాచుకున్నాడు. ఏడ్చాడు కూడా. తర్వాత లేచి, కోచ్‌ని వెంటబెట్టుకుని సన్నటివాడి దగ్గరికి వెళ్ళాడు.

"తమ్ముడూ, ఒక్కమాట అడుగుతాను. నేను వేసే ప్రతి అడుగూ నీకెలా తెలిసింది?"

అతను మొహమాటపడ్డాడు.

"వారంగా రోజూ మీతోనే ఆడుతున్నాను కదన్నా."

"నాతోనా?"

"ఆయనతో."

కెప్టెన్ అటు చూశాడు. అవతలి జట్టు చొక్కా వేసుకుని, కొసరు స్కోరు బల్ల దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"సోమవారం నుంచి ఆయన మీరైపోయారన్నా. మీలాగే భుజం వంచడం, మీలాగే ఆగడం. వీడియోలు చూసి ఇంట్లో సాధన చేస్తారట. ఎవరితో ఆట ఉంటే ఆ వారం వాళ్ళ ఆట ఆడటం ఆయన పద్ధతట. మీ దగ్గర అలా చెయ్యమన్నది కోచ్‌గారే అనుకున్నాం."

కెప్టెన్ కోచ్ వంక చూశాడు. కోచ్ తల అడ్డంగా ఊపాడు.

ఆ ఏడాది గెలిచిన ప్రతి ఆటకీ ముందు, వారం పొడుగునా అవతలివాడిగా మారి, కెప్టెన్ చేతిలో ఓపిగ్గా ఓడిపోతూ వచ్చిన మనిషి అతను.