కిటికీ మీద రొట్టె

నాలుకపై కొలువుండే వాగ్దేవీ, తల్లీ! పలికించేదీ నీవే, వినిపించేదీ నీవే. పలికిన నోటికి ఏమి దక్కుతుందో, విని తడిసిన కంటికి ఏమి మూడుతుందో ఎరిగినదానవూ నీవే. నీ పాదాలకు మ్రొక్కి ఈ చిన్న కథ విన్నవించుకుంటున్నాను. తప్పులుంటే మన్నించు.

"చెప్పండి కామ్రేడ్స్! ఈ కవిత విని మీకేమనిపించింది?"

గ్రంథాలయాధికారి ప్రశ్నకు హాలులో అందరూ నేలచూపులు చూశారు. కమ్యూనిస్టుల ఏలుబడిలో ఉన్న రుమేనియాలో, ఆ డాన్యూబ్ నది రేవు పట్టణంలో ఆదివారపు కవితాసభకు ఒక కట్టుబాటుంది. కవి చదవడం ముగియగానే శ్రోతలు ఒక్కొక్కరే లేచి తమ స్పందన చెప్పి తీరాలి. ఊరకుండటమూ అక్కడ ఒక అభిప్రాయమే.

యువ కవయిత్రి స్మరాండ ఇంకా నిలబడే ఉంది. ఆమె చదివింది నాలుగే పంక్తులు:

ఆవిరి పట్టిన కిటికీ మీద
అమ్మ వేలితో రొట్టె గీసింది.
అది చెరిగిపోయేలోగా
ముగ్గురం పంచుకున్నాం.

విశ్రాంత ఉపాధ్యాయుడు పమ్ఫిల్ గొంతు సవరించుకుని లేచాడు. "భాష సరళంగా ఉంది. ఆశాభావం ఇంకాస్త ఉంటే నిండుగా ఉండేది." మరుమాటకు చోటివ్వకుండా కూర్చున్నాడు.

ఓడల కార్ఖానాలో పనిచేసే వేతా లేచింది. "నాకైతే కిటికీలు తుడవాలని గుర్తొచ్చింది. నిన్ననే తుడిచి చచ్చాను, పొద్దున్నకల్లా మళ్ళీ మరకలే!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో హాలుకు ఊపిరాడింది.

మూడో వరుసలో, కిటికీ పక్క కుర్చీలో, టైపు యంత్రాలు బాగుచేసే అంగెల్ మాత్రం నవ్వలేదు. బొచ్చుటోపీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పోయే ముందు చివరి శీతకాలంలో భార్య ఎలిసావెత కూడా అద్దం మీద వేలితో గుండ్రంగా ఏదో గీసింది. ఏమిటని అతడు అడగలేదు. అదేమిటో ఇప్పుడు తెలిసింది.

"అంగెల్ బాబాయ్, మీరు?" అన్నాడు గ్రంథాలయాధికారి.

"పడిశం నాయనా. చెవులు దిబ్బళ్ళేశాయి. ఒక్క ముక్క వినబడితే ఒట్టు."

సభ ముగిసింది. కోట్లు తగిలించిన చోట స్మరాండ అతడిని ఆపింది. కవిత టైపు చేసిన కాగితం అతడి ముక్కు దగ్గర ఆడించింది.

"ఇదేం రిపేరు బాబాయ్? 'ఆర్' అక్షరం మళ్ళీ గీత దాటి ఎగురుతోంది చూడండి. ఏటేటా ప్రతి మిషన్ అక్షరాల నమూనా ఠాణాలో ఇవ్వాలి కదా, మొన్న అక్కడ కూడా నవ్వారు."

"దాని కాడ అరిగిపోయింది తల్లీ. కొత్తది దొరికేదాకా నీ మిషన్లో 'ఆర్' కుప్పిగంతులు మానదు. ఊళ్ళో ఇలా ఎగిరేది నీదొక్కటే."

ఆమె నవ్వలేదు. గొంతు తగ్గించింది. "మీకు పడిశం లేదు. ఏడ్చారు కదూ?"

అతడు అటూ ఇటూ చూశాడు.

"నాతో దాచకండి బాబాయ్. ఒక్కరైనా ఏడ్చారో లేదో నాకు తెలియాలి."

కవి అన్నాక ఆ మాత్రం ఆకలి ఉండదా అనుకున్నాడు అంగెల్. "ఏడ్చానమ్మా," అన్నాడు. "మా ఎలిసావెత గుర్తొచ్చింది."

స్మరాండ అతడి చేయి గట్టిగా పట్టుకుని వదిలేసింది. ఆమె వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

సోమవారం ఉదయం అంగెల్ ఠాణాలో, రహస్య పోలీసు అధికారి కాప్టెన్ వెల్కు గదిలో ఉన్నాడు. ప్రతి సోమవారమూ ఉంటాడు. సభలో ఎవరేమన్నారో స్వహస్తంతో రాసి తెచ్చి ఇవ్వాలి. ఆ షరతు మీదనే అతడి దుకాణం తలుపు తెరుచుకుంటోంది.

కాప్టెన్ నువ్వులద్దిన కడియం రొట్టె తుంచుకు తింటూ కాగితం చదివాడు. "'కవిత పేలవంగా ఉంది. ఎవరూ చలించలేదు.' ఇంతేనా?"

"ఇంతేనండి."

"చూడవయ్యా అంగెల్, నాకు కవిత్వం తెలీదు. జనం తెలుసు. జనం ఆవులిస్తే అది ఉత్త కవిత. ఏడిస్తే అందులో విషముంది. రాసినదాన్నీ ఏడ్చినవాణ్నీ ఒకే బండిలో ఎక్కించాలి. నీ కూతురి వయసుంటుందా ఆ పిల్లకి?"

"ఉంటుందేమోనండి."

"అందుకే అడుగుతున్నా. ఒక్కరూ ఏడవలేదా?"

అవునంటే ఆ పిల్ల బతుకు తెల్లారినట్టే. ఇన్ని సోమవారాల తర్వాత, మొదటిసారి, అంగెల్ కాప్టెన్ కళ్ళలోకి సూటిగా చూశాడు.

"ఆ దేవుడి మీద ఆన. ఒక్క కన్నూ తడవలేదు."

కాప్టెన్ వేళ్ళకంటిన నువ్వులు దులుపుకున్నాడు. సొరుగులోంచి మరో కాగితం తీసి, వేలు అడ్డం పెట్టి, పైకి చదివాడు. "'మూడో వరుస, కిటికీ పక్క కుర్చీ. టోపీ చాటున ఏడ్చాడు. పడిశమని బొంకాడు. తర్వాత నిజం ఒప్పుకున్నాడు.' ఏమంటావు?"

బయట ఇనుపబూట్ల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. అంగెల్ ఒక్కొక్కరి ముఖమూ తలచుకున్నాడు. పమ్ఫిలా? వేతానా? కోట్ల దగ్గర గోడ చాటున నక్కి విన్నదెవరు? అయినా అతడి మనసు తన కోసం కొట్టుకోలేదు.

"నన్నేం చేసినా చేయండి అయ్యా. ఆ పిల్ల జోలికి మాత్రం వెళ్ళకండి. చిన్నపిల్ల, ఏదో రాసుకుంది. ఆమెకేం తెలీదు."

కాప్టెన్ మొదటిసారి జాలిగా చూశాడు. కాగితాన్ని అతడి వైపు తిప్పి జరిపాడు.

అది టైపు చేసిన కాగితం. అందులో ప్రతి 'ఆర్' అక్షరమూ గీత దాటి పైకెగిరి ఉంది.

ఈ కథ విన్నవారికీ వినిపించినవారికీ ఆ తల్లి చల్లని చూపు తోడుండుగాక! వారి కన్నీటికి దైవమొక్కటే సాక్షి అగుగాక!