పన్నెండు అడుగుల ట్రైలర్

“పన్నెండడుగులది వద్దమ్మా, నా మాట వినండి,” అన్నాడు ట్రైలర్లమ్మే హాల్వర్, కొలిచే టేపును సర్రున లోపలికి వదిలేస్తూ. “మీ అల్లుడిది కొండదారుల్లో నడిపే నాలుగు సీట్ల బండి. పొడుగు పదమూడున్నర అడుగులు. పధ్నాలుగుకు తక్కువ ట్రైలర్ వైపు చూడనే కూడదు.”

వెర్నా చేతిసంచిని గుండెలకు అదుముకుని ఆ రెండు ట్రైలర్ల మధ్య నిలబడింది. సొంత ఊళ్ళో ట్రైలర్ల కొట్టు ఉండగా ఐడహో కొండలు దాటి తొంభై మైళ్ళు ఎందుకొచ్చారని హాల్వర్ అప్పటికే అడిగాడు. అక్కడి కొట్టువాడు అల్లుడికి స్నేహితుడనీ, పుట్టినరోజు కానుక సంగతి మధ్యాహ్నంలోగా ఊదేస్తాడనీ ఆమె చెప్పింది.

“పధ్నాలుగుది వాళ్ళ షెడ్డులో పట్టదండీ. బయట వానకు తడిస్తే మా అల్లుడు రాయ్స్‌కి కోపం వస్తుంది.”

“వస్తే రానివ్వండి. ప్రాణం కంటేనా?”

“నా భయమూ అదే. మా అమ్మాయి లీటా ఈ ఏడు ఆ బండి మీద నుంచి మూడుసార్లు పడిందట. ఒకసారి పక్కటెముక, ఒకసారి ముందు పన్ను, మొన్న మణికట్టు. అతనికి మాత్రం ఒక్క గీత పడలేదు.”

“బెల్టు పెట్టుకోదా పిల్ల?”

“మర్చిపోయానంటుంది.”

హాల్వర్ నాలుక చప్పరించాడు. ఆ తరువాత ఆమె అడగని ప్రశ్న లేదు. బండి పొడుగై ట్రైలర్ పొట్టిదైతే ఏమవుతుంది? ఏ రోడ్డులో అవుతుంది? ముందుగా తెలుస్తుందా? అతను విసుక్కోకుండా సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీశాడు. ఆ బండికి ఇంజను వెనక ఉంటుంది, బరువంతా అక్కడే. ఇక్కడి మగాళ్ళకేమో ముక్కు ముందుకు పెట్టి ఎక్కించడమే అలవాటు. నలుగురూ చూస్తుండగా రివర్సులో ఎక్కించడం నామోషీ. పొట్టి ట్రైలర్ మీదికి అలా ఎక్కిస్తే బరువు ఇరుసు దాటి వెనక్కి పోతుంది. ముందు లాగే పికప్ ట్రక్కు కొక్కెం దగ్గర ట్రైలర్ ముక్కు తేలిపోతుంది.

“చదును నేల మీద ఏమీ తెలీదమ్మా. కనుమ దిగేటప్పుడు తోక ఊపడం మొదలుపెడుతుంది. బెదిరి బ్రేకు తొక్కాడా, పికప్‌ను కూడా ఈడ్చుకుని లోయలోకి పోతుంది.”

“ఎంత వేగంలో?”

“యాభై దాటితే చాలు.”

వెర్నా చిన్న పుస్తకం తీసి రాసుకుంది. ఏం చెయ్యకూడదో రాసి పెట్టుకోకపోతే తనకు నిద్ర పట్టదంది. హాల్వర్ నవ్వాడు. తన భార్యా ఇంతేనట, పొయ్యి ఆర్పానో లేదోనని సగం దారి నుంచి కారు వెనక్కి తిప్పిస్తుందట.

చివరికి ఆమె పన్నెండడుగుల దానికే పట్టుబట్టింది. హాల్వర్ ఒక షరతు మీద ఒప్పుకున్నాడు: బండిని ప్రతిసారీ రివర్సులోనే ఎక్కించాలి, ఇంజను పికప్ వైపు రావాలి. పసుపుపచ్చ అట్టముక్క మీద లావు అక్షరాలతో “రివర్సులో మాత్రమే” అని రాసి కమ్మీకి కట్టాడు.

“నోటితో కూడా చెప్పండమ్మా.”

“అతను ఎవరి మాటా వినడండీ.”

“అందుకేగా అట్ట కట్టాను. శనివారం కనుమ అవతల ఎల్క్ దుప్పుల వేటకన్నారుగా, అమ్మాయి కూడా వెళ్తోందా?”

“లేదు, ఒక్కడే. పీచ్ పళ్ళు వచ్చాయి, నిలవకు సీసాలకెత్తాలి. వారమంతా దాన్ని నా దగ్గరే ఉంచుకుంటున్నాను.”

“మంచి పని చేశారు,” అన్నాడు హాల్వర్, మనసు కుదుటపడి.

తిరుగుదారిలో వెర్నా నలభై మైళ్ళ వేగం దాటలేదు. అద్దంలో ఖాళీ ట్రైలర్ ఎగిరెగిరి పడుతోంది, పసుపు అట్ట టపటపా కొట్టుకుంటోంది. కనుమ మీద తన బండి ఆపి లోయలోకి తొంగి చూసింది. అడుగున ఏరు దారంలా కనిపించింది. తల వంచి చాలాసేపు ప్రార్థన చేసుకుంది.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో లీటా కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో వేణ్ణీళ్ళలో ముంచిన పీచ్ పళ్ళ తోలు ఒలుస్తోంది. వాకిట్లో ట్రైలర్ చూసి, అల్లుడి మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందని నవ్వింది. నవ్వుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వెర్నా పళ్ళు కోసే కత్తితో బయటికెళ్ళి, కమ్మీకున్న తాడు తెంపింది. అట్టముక్కను తెచ్చి కట్టెలపొయ్యిలోకి తోసింది.

“ఏంటమ్మా అది?”

“ధర చీటీలే. కానుక మీద ఉంచకూడదు.”

అట్ట పూర్తిగా కాలేదాకా ఆమె పొయ్యి దగ్గరే నిలబడింది.

లీటా ఆ బండి మీద నుంచి ఒక్కసారి కూడా పడలేదని వెర్నాకు తెలుసు.