తూము మూతకు కాడ

వరదలో చెరువు తూము తెరవడానికి వెళ్లిన మా ఆయన అంతువన్ ఒంటి మీద చుక్క తడి లేకుండా ఇంటికొచ్చి, తల దించుకుని కూర్చున్నాడు.

వైగై ఏటి పక్కన మా ఊళ్లో వరదొస్తే చెరువు అడుగుకు మునిగి తూము మూత ఎత్తేది మా ఇంటి మగవాళ్లే. మునిగే ముందు ఇంటింటా భోంచేసి వీడ్కోలు చెప్పాలి. మా మామ అలా చెప్పి వెళ్లి, మళ్లీ పైకి రాలేదు.

ఈ ఏడు రాతిపనివాళ్లు తూము మీద రెండు స్తంభాలు నిలిపి, మూతకు పొడవాటి ఇనుప కాడ బిగించారు. పైనుంచి లాగితే చాలు. ఈయన ఎప్పటిలాగే ఇంటింటా తిని, అందరినీ ఏడిపించి, కాడ లాగి నడిచొచ్చేశాడు.

వెనకే పక్కింటి అవ్వ వచ్చింది.

"ఏమ్మా, మా చేపల పులుసు ఊరికే తిన్నాడా మీ ఆయన?"

"ఇంతమంది ఉప్పు తిన్నాను. మునగాల్సిందే," అంటూ ఆయన లేచాడు.

"తూము తెరిచే ఉందయ్యా. ఇప్పుడు మునిగితే నీళ్లతోపాటు నువ్వూ పొలాల్లో తేలతావు," అన్నాను.

"మరి ఊరికేం చెప్పను?"

"రేపు మనింట్లో భోజనాలని చెప్పు."

మర్నాడు ఊరంతా వచ్చింది. అవ్వ మారు వడ్డించుకుని మరీ, పులుసుకు పులుపు చాలలేదంది.

"ఇంతమందికి బియ్యం ఎక్కడివే?" అని ఆయన నా చెవిలో అడిగాడు.

"ఉన్నాయిలే," అన్నాను.

ఏటా వానలు మొదలవగానే ఆయన దినకర్మకని నేను విడిగా తీసిపెట్టే బియ్యం అవి.