ఎవరిది మొదటి తప్పు?

“ఆస్పత్రి ల్యాబులో పనిచేసేవాళ్ళు రోగాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెస్తారని నాకేం తెలుసు?” అంది అత్తగారు, ఫ్రిజ్‌తో.

వారం నుంచి ఆవిడ కోడలికి ఏం చెప్పాలన్నా ఫ్రిజ్‌తోనే చెబుతోంది. మామగారు తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి, ఎలాగో బతికి బయటపడి, పక్క గదిలో పడుకుని ఉన్నారు. ఆయన దగ్గినప్పుడల్లా ఆవిడది ఒకటే మాట, కోడలు ఉద్యోగం మానెయ్యాలి.

కోడలు టేబుల్ మీద నాలుగు కాగితాలు పరిచింది. “మన ఇంట్లోవాళ్ళ వైరస్‌లు అత్తయ్యా. మా ల్యాబులో చదివించాం. నావల్లే వచ్చిందని తేలితే రేపే రాజీనామా ఇచ్చేస్తా.”

“అందరి ముక్కుల్లో పుల్లలు పెట్టించావే, అవా?” ఆవిడ ఫ్రిజ్ సంగతి మర్చిపోయింది. “ఐదుగురం ఉంటే నాలుగే ఉన్నాయే?”

“ఒకరికి అంటుకోలేదు.”

“నాకేగా! తుమ్మైనా రాలేదు.”

మామగారిని ఆస్పత్రికి చేర్చే హడావుడిలో ఎవరి ఫలితం ఏమిటో ఎవరూ అడగలేదు. కోడలే చూసుకుని అందరికీ మాస్కులు తగిలించి, దూరదూరంగా కూర్చోబెట్టింది.

“అ, ఆ, ఇ, ఈ అని ఉందేంటి? పేర్లేవీ?”

“ఈ మడిచిన చీటీలో ఉన్నాయి.”

“మంచి పని చేశావ్. పేరు కనిపిస్తే మార్కులు వేసే చెయ్యి వంగుతుంది.” ఆవిడ ముప్పై రెండేళ్ళు టీచరుగా చేసింది మరి.

“వైరస్ అంటే ముప్పై వేల అక్షరాల వ్యాసం అనుకోండి. మన కణాల్లో దూరి, మన సరంజామాతోనే తన కాపీలు రాయించుకుంటుంది. అప్పుడప్పుడు ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పుతోనే పక్కవాళ్ళకి అంటుకుంటుంది. ఊళ్ళో తిరిగే వైరస్‌తో పోల్చి, తేడా వచ్చిన అక్షరాలే ఈ కాగితాల్లో రాశాం.”

“కాపీ కొట్టిన పేపర్లన్నమాట! ముందే చెప్పవేం? ఒప్పులు అందరివీ ఒకేలా ఉంటాయి. తప్పులు కూడా ఒకేలా ఉంటేనే దొంగ దొరికినట్టు.”

లేచి ఎర్ర పెన్ను తెచ్చుకుంది. ఈమధ్యే పాత స్కూల్లో హెడ్మిస్ట్రెస్ వీడ్కోలు సభకి వెళ్తే ఇచ్చిన కొత్త పెన్ను అది.

“ఇదిగో, ‘ఇ’లో ఒక్కటే తప్పు. అది నాలుగింట్లోనూ ఉంది. ‘అ’లో దానికి తోడు ఇంకోటి. ‘ఈ’లో ఆ రెండూ, మరోటి. అంటే ‘ఇ’ని చూసి ‘అ’, ‘అ’ని చూసి ‘ఈ’ రాశారు. ‘ఆ’ వేరే బెంచీ, కానీ అదీ ‘ఇ’ దగ్గరే కొట్టింది. అందరికీ మూలం ఈ ‘ఇ’గారే!”

“అమ్మో! మాకు రెండ్రోజులు పట్టింది అత్తయ్యా.”

“ముందు జ్వరం వచ్చింది మీ మామయ్యకి కదా. ‘ఇ’ ఆయనేనా?”

“కాదు. ‘ఇ’కి అసలు జ్వరమే రాలేదు.”

“రోగం ఉండి జ్వరం రాకపోవడమేంటే?”

“జన్యువులు అత్తయ్యా. కొందరి ఒంట్లో కాపలావాళ్ళు ఎప్పుడో వచ్చిన జలుబు గుర్తుతో దీన్ని కూడా ఇట్టే పట్టేస్తారు. ‘ఇ’కి అలాంటి జన్యువే ఉంది, మామయ్యకి లేదు. వైరస్ ఒకటే, ఒళ్ళే వేరు.”

“మరి అంటించడం?”

“పట్టుకునేలోపే బయటికి పాకేస్తుంది. పాపం, ఆ మనిషికి తెలియనైనా తెలియదు.”

అత్తగారు పెన్నుకి మూత పెట్టి కోడలికేసి చూసింది. ఈ ఇంట్లో జ్వరం రానిది తను కాక ఇంకొక్కరే. చీటీ విప్పబోతున్న కోడలి చేతిమీద చెయ్యి వేసింది.

“వద్దులే, నాకు తెలిసిపోయింది. కావాలని ఎవరైనా తెస్తారా అమ్మాయ్? తన ఒంట్లో ఏముందో తెలియని మనిషిని వారం రోజులు కాల్చుకు తిన్నాను. ఉద్యోగం మానావంటే ఊరుకోను. ‘ఇ’ని ఇకమీద ఎవరూ ఒక్క మాట అనడానికి వీల్లేదు. మీ మామయ్యకి నేను చెప్పుకుంటా.”

“సరే అత్తయ్యా.”

కోడలు కళ్ళు తుడుచుకుంటూ వంటగదిలోకి వెళ్ళి, పొయ్యి వెలిగించి, చీటీ ఒక్కసారి విప్పి చూసి మంటకి అందించింది.

‘ఇ’ పక్కన అత్తగారి పేరుంది.