మీ మెహర్బానీ, సాబ్

పోలీస్ యాక్షన్‌ల జడుసుకుండు గనుకే ఖాజావలి పిలిస్తే పలుకుతలేడని పక్కింటి బాలమ్మ మోండా మార్కెట్ అంతా చెప్పి వచ్చిందట. ఆ మాట విన్నప్పటినుంచి అతని పెళ్ళాం మహమూదాకు కాలు ఒకచోట నిలవలేదు. యాక్షన్ జరిగి ఏడాది దాటిపోయింది. క్షయతో దవాఖానలో ఉన్న మొగుడు పలకనిదేమో పదిహేను రోజుల నుంచే. పరుగు పరుగున అక్కడికి వచ్చింది.

క్షయ వార్డులో డాక్టరు కాగితం మీంచి తలెత్తకుండా ఖాజావలిని అడుగుతున్నాడు.

"ఎట్లున్నది?"

"మీ మెహర్బానీ, సాబ్."

"చెవులల్ల హోరు గిట్ల ఉన్నదా?"

"మీ మెహర్బానీ."

డాక్టరు 'లేదు' అని రాసుకుని, సూది వేయమని నర్సుకు చెప్పాడు.

మహమూదా చెయ్యి అడ్డం పెట్టింది. "చెవుల సంగతెందుకు, సాబ్?"

"ఈ కొత్త సూదికి కొందరి చెవులు పోతయమ్మా. అందుకే రోజూ అడిగి రాస్తం."

ఖాజావలి హార్మోనియాలు బాగుచేసి బతికే మనిషి. పెదాలు కనబడకుండా ఆమె కొంగు ముఖానికి అడ్డం లాక్కుని గట్టిగా అంది.

"ఇగో, మన దుకాణం తగలబడ్డది!"

ఖాజావలి నవ్వుతూ సలాం చేశాడు. "బాగనే ఉన్న. అంతా సాబుల మెహర్బానీ."

నర్సు చేతిలో సూది ఆగిపోయింది.

"ముందుగాల చెప్పొద్దా? రోజూ అడుగుతున్న కదా!" డాక్టరు ఖాజావలిని గద్దించాడు.

మహమూదా కొంగు దించింది. "పదిహేను దినాల సంది ఏదడిగినా గదొక్క మాటే అంటుండు. మీకు సుత వినపడలేదా, సాబ్?"